లేసు లెక్కలకు కాపలా

13 మే 2017, శనివారం, నరసాపురం

పోలీసుల కంప్యూటర్లకే తాళం పడిందని టీవీలో చెబుతున్నారు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం. ఫైళ్లు తిరిగి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టాలట. ఆ వైరస్ పేరు వానాక్రై. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు, ఒక మెషీన్లో దూరితే ఫైళ్లు పంచుకునే దారిన పక్కదానిలోకి తనే పాకుతుంది.

మా విండోస్ 7 కంప్యూటర్లో ఉన్నవి సీతారాంపురం, మొగల్తూరు ఆడవాళ్ల కూలి లెక్కలు. ఎవరికెంత నూలు ఇచ్చాం, ఎన్ని లేసు ముక్కలు తిరిగొచ్చాయి, ఎంత బాకీ. అవి పోతే ముందు దెబ్బ వాళ్లకే.

14 మే, ఆదివారం

మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. "అత్తా, యాంటీవైరస్ సంగతి తర్వాత. ముందు అప్‌డేట్లు వస్తున్నాయో లేదో చూడు." వానాక్రై దూరే కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు ఇచ్చిందట. 2014లో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ఇప్పుడు ఇచ్చారు. మా దాంట్లో మార్చిదే ఎక్కి ఉంది. దొంగ విండోస్ వేయించుకున్నవాళ్లు పట్టుబడతామని అప్‌డేట్లే ఆపుకుంటారు. వాళ్లని తలుచుకుంటే భయంగా ఉంది.

16 మే, మంగళవారం

యాంటీవైరస్ కొందామని షాపుకి వెళ్తే, "డబ్బులెందుకండీ, క్రాక్ వేసేత్తానండి, ఐదేళ్లు చూడక్కర్లేదండి" అన్నాడు షాపు అబ్బాయి. గట్టిగా వద్దన్నాను. క్రాక్ ఎక్కించాలంటే ముందు ఉన్న కాపలాని ఆపాలి. ఆ సందులో ఏం దిగుతుందో అతనికీ తెలీదు.

బల్ల మీద పూణె వాళ్ల క్విక్ హీల్, చెన్నై వాళ్ల కె7 పెట్టెలు ఉన్నాయి. క్విక్ హీల్ పెట్టిన కట్కర్ గారు కాలిక్యులేటర్లు బాగుచేసే పనితో మొదలుపెట్టిన మనిషి. మనవాళ్లన్న అభిమానం నాకుంది, కానీ అభిమానంతో కొనే వస్తువు కాదిది.

18 మే, గురువారం

జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊళ్లో యాంటీవైరస్‌లకి పరీక్షలు పెట్టే ఏవీ-టెస్ట్ అని ఒక ల్యాబు ఉంది. రక్షణకి 6, మెషీన్ని నెమ్మది చేయకపోవడానికి 6, మంచి ఫైలుని దొంగ అనకపోవడానికి 6, మొత్తం 18 మార్కులు. 10 వస్తే చాలు, సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. అంచేత పెట్టె మీద ముద్ర చూసి కొనకూడదు, మార్కులు చూడాలి. అదీ ఒక్కసారివి కాదు, వరసగా ఏడాదివి. ఆస్ట్రియాలో ఏవీ-కంపారేటివ్స్ వాళ్లవి కూడా పక్కన పెట్టుకుంటే ఎవరు నిలకడో తెలిసిపోతుంది.

మా పాత మెషీన్‌కి రెండో 6 చాలా ముఖ్యం. ట్యాలీ తెరుచుకోడానికే ఆయాసపడుతుంది పాపం. రెండు యాంటీవైరస్‌లు పెడితే ఇంకా భద్రం అనుకుంటారు కొందరు. అవి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, ఒకటే ఉండాలి.

21 మే, ఆదివారం

మార్కులు చూసి ఎంచుకున్నదాని ట్రయల్ వేసి, లెక్కలన్నీ తెరిచి చూశాను. బిల్లుతో, ఏడాది లైసెన్సుతో కొనడానికే నిర్ణయం. లెక్కల కాపీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసి, తీగ పీకేసి బీరువాలో పెట్టాను. తగిలించి ఉంచితే వానాక్రై దానికీ తాళం వేస్తుంది.

రేపు పాలకొల్లు వదినకి చెప్పాలి: వదినా, ఏ కంపెనీదైనా కొను, కానీ క్రాక్ మాత్రం వేయించకు, ఈ రాత్రికే లెక్కల కాపీ తీసి పెట్టు.