షోళింగనల్లూరు సందులో ఆయిలు చుక్క

పెరంబూరు నుంచి షోళింగనల్లూరు ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మనం పట్నానికి ఉత్తరాన ఉన్నవాళ్ళం, అది దక్షిణపు కొస. పురసవాక్కం, ఎగ్మూరు, మౌంట్ రోడ్డు, సైదాపేట దాటుకుని మధ్య కైలాష్ గుడి దగ్గర దక్షిణానికి తిరిగితే పాత మహాబలిపురం రోడ్డు. కాగితాల మీద దాని పేరు రాజీవ్ గాంధీ సాలై, జనం నోట్లో మాత్రం ఓ.ఎం.ఆర్. టైడెల్ పార్కు, పెరుంగుడి, తొరైపాక్కం, కారపాక్కం వరసగా వస్తాయి. రెండు పక్కలా అద్దాల మేడలే. ఇప్పుడు రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు కూడా లేచాయి. మన వైపు మాధవరం నుంచి బయలుదేరే లైన్లలో ఒకటి ఈ రోడ్డు మీదుగా సిరుసేరి దాకా, ఇంకొకటి చుట్టు తిరిగి షోళింగనల్లూరు దాకా వేస్తున్నారు. అది పూర్తయ్యాక మనవాళ్ళు కూర్చునే వెళ్ళిరావచ్చు. అందాకా దుమ్ము తినక తప్పదు.

షోళింగనల్లూరు 2011లో కార్పొరేషన్‌లో కలిసింది. అంతకుముందు అది టౌన్ పంచాయతీ. జంక్షన్‌లో నిలబడి చూస్తే ఊరి స్వరూపం అంతా తెలుస్తుంది. పడమరకు పోతే పెరుంబాక్కం, మేడవాక్కం. దక్షిణానికి సెమ్మంచేరి, నావలూరు. తూర్పుకు తిరిగితే కాలువ వంతెన, అది దాటితే అక్కరై, ఆ వెనక సముద్రం. ఆ కాలువ మనకు పరాయిది కాదు. మన మిల్లు పేరులో ఉన్న బకింగ్‌హామ్ మాటే దాని పేరులోనూ ఉంది. ధాత కరువులో, అంటే 1876-78లో, కూలి పని కల్పించడానికి పట్నం లోపల కూవం నదినీ అడయారు నదినీ కలిపే ముక్క తవ్వించారు. ఆనాటి గవర్నరు పేరే మొత్తం కాలువకు పెట్టారు. పైన పెదగంజాం నుంచి కింద మరక్కాణం దాకా పడవలు నడిచేవి. నెల్లూరు సీమ నుంచి కట్టెలూ ఉప్పూ ఆ నీళ్ళ మీదే పట్నం చేరేవి. ఇప్పుడు వంతెన మీద నిలబడితే గుర్రపుడెక్క ఆకు, నల్లటి నీళ్ళు కనిపిస్తాయి.

ఇక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది. మెడలో కార్డు వేసుకుని ఆంధ్రా మెస్సు ముందు నిలబడే పిల్లలది ఒక తెలుగు. వాళ్ళు పనిచేసే మేడలు ఊడ్చేవాళ్ళది, కట్టినవాళ్ళది ఇంకో తెలుగు. ఈ రెండు తెలుగులూ ఒకే టీ కొట్టులో కలిసినా పెద్దగా మాట్లాడుకోవు.

మా అక్కవాళ్ళు రెండో రకం. నది ఒడ్డు గుడిసె తీసేసి సెమ్మంచేరిలో గవర్నమెంటు క్వార్టర్సు ఇచ్చారు. సునామీ తర్వాత లేచిన కాలనీ అది. తొరైపాక్కం పక్క కన్నగి నగర్, పెరుంబాక్కం బహుళ అంతస్తులు కూడా అలా పట్నం లోపల నుంచి తరలించినవాళ్ళ కోసం కట్టినవే. పైకప్పు దొరికింది, మంచిదే. కానీ పని పాత చోటే మిగిలిపోయింది, బస్సులు చాలవు. అందుకే ఆ క్వార్టర్సులో ఇంటికో బండి ఉంటుంది. అది సరదా బండి కాదు. తెల్లవారి ఆరింటికి మా మేనల్లుడు వాళ్ళమ్మను ఒక కంపెనీ గేటు దగ్గర దించుతాడు, హౌస్‌కీపింగ్ పని. ఆ తర్వాత రాత్రి పదకొండు దాకా సంచీ తగిలించుకుని అన్నం పార్శిళ్ళు ఇళ్ళకు అందిస్తాడు. బండి ఆగితే రెండు జీతాలు ఆగుతాయి.

ఆ బండి కింద నేల మీద ఒక పొద్దున రూపాయి బిళ్ళంత మచ్చ కనబడింది. వారానికి అది సాసరంత అయింది. ఎడమ కాలి చెప్పు జిడ్డు, వెనక చక్రం రిమ్ము మీద నల్లటి చారలు. వంద సీసీ బండి, ఇంజనులో పట్టే ఆయిలు మొత్తం ఒక లీటరు లోపే. అందులో పావు లీటరు పోతే పావు భాగం పోయినట్టే. పిస్టను పట్టేస్తే ఇంజను పని పెట్టుకోవాలి. అంతకన్నా భయం వెనక టైరుది. టైరు మీదో బ్రేకు డ్రమ్ములోనో ఆయిలు పడితే వానలో, మెట్రో ఇసకలో ఆ బండి ఎక్కడ జారుతుందో చెప్పలేం. వెనక సీటు మీద కూర్చునేది మా అక్క.

మెయిన్ రోడ్డు మీద ఒక షాపులో చూపించాడు. వాళ్ళు ఎడమ పక్క మ్యాగ్నెట్ కవరు బోల్టులు బిగించి, అతుకు మీద సిలికాన్ పేస్టు పూసి పంపారు. మూడు రోజులకు మళ్ళీ మచ్చ. ఈసారి ఇంజను విప్పాలి, ఆరువేల అయిదువందలు, నాలుగు రోజులు ఉంచాలి అన్నారు. నాలుగు రోజులంటే డబ్బు ఒక్కటే కాదు, అమ్మ డ్యూటీ కూడా. రాత్రి వాడు ఫోన్ చేసి, "మామయ్యా, ఒకసారి వస్తావా, నాకేం పాలుపోవడం లేదు" అన్నాడు.

నేను మెకానిక్కును కాను. కానీ మిల్లులో యంత్రాలకు నూనె పట్టే మనిషి కొడుకుని. స్పిన్నింగ్‌లో ఒక్క చుక్క నూనె నూలు మీద పడితే అది గుడ్డలో మరకై తేలుతుంది. అందుకని మా నాన్న ఎప్పుడూ ఒక మాట అనేవాడు: తడి కనబడిన చోట కారదురా, కారిన చోట తడి కనబడదు. ఆ షాపువాళ్ళు తడి చూసి పేస్టు పూశారు. ఎక్కడ పుట్టి అక్కడిదాకా వచ్చిందో చూడలేదు.

జంక్షన్ నుంచి మేడవాక్కం రోడ్డులో కొంచెం లోపలికి పోతే సందులో వేపచెట్టు కింద ఒక షెడ్డు. బోర్డు కూడా లేదు. సూళ్ళూరుపేట వైపు మనిషి, పుదుప్పేటలో పాత స్పేర్ల మధ్య పని నేర్చుకున్నాడు. మమ్మల్ని చూడగానే బండి విప్పలేదు, ముందు డిప్ స్టిక్కు తీశాడు. మెయిన్ స్టాండు మీద, సమంగా ఉన్న నేల మీద పెట్టి, ఇంజను ఆపిన రెండు మూడు నిమిషాలకు చూడాలట. స్టిక్కు తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి తీయాలి. కింద గీత కన్నా దిగువన ఉంది. రంగు నలుపే కానీ తెలుపు తిరగలేదు.

"ఇది పాల టీ మాదిరి ఉంటే ఇంకో కథన్నా," అన్నాడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను అయిదో తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు ఇక్కడ రెండు రోజులు ముంచేసి పోయింది. ఆ వారం ఈ సందులో బండ్లు వరసకట్టాయట. మునిగిన బండిని స్టార్టు చేయకుండా తోసుకొచ్చినవాళ్ళు ఆయిలు మార్పించుకుని బయటపడ్డారు, కిక్కు కొట్టి చూసినవాళ్ళలో కొందరికి ఇంజను పోయింది. "నీళ్ళు పోయినంక జనం ఓపిక కూడా పోతాది గదా," అని నవ్వాడు.

తర్వాత పని మొదలు. కిరసనాయిలు, బ్రష్షు, సబ్బు నీళ్ళు, పాత బనీను గుడ్డ. అరగంట కడగడమే. ఇంజను ఆరాక చిన్నపిల్లలకు పూసే పౌడరు డబ్బా తీసి పైనుంచి కింద దాకా చల్లాడు. పండక్కి ముస్తాబైనట్టు తెల్లగా అయింది బండి. "తమ్ముడూ, సెమ్మంచేరి దాకా పొయ్యిరా, స్పీడు వద్దు" అన్నాడు. ఆయిలు కిందికి జారుతుంది, బండి కదిలితే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైదీ అన్నిటికన్నా ముందుదీ అసలుది. ఈ లెక్క ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే.

వాడు తిరిగొచ్చాడు. ట్యాపెట్ మూతలు పొడి. సిలిండరు కింది అతుకు పొడి. పేస్టు పూసిన మ్యాగ్నెట్ కవరు అతుకూ పొడే. దాని వెనక చైను ముందు పళ్ళచక్రం మూత ఉంది చూడండి, దాని అడుగున మాత్రం పౌడరు ముద్దయి ఉంది.

మూత విప్పితే లోపల గుప్పెడు మట్టి, చైను గ్రీజు. చాలామంది ఇక్కడే మోసపోతారు, చైనుకు పట్టించిన ఆయిలు కారినా ఇంజనే కారుతోందనుకుంటారు. వేలికి రాసి చూపించాడు: చైనుది జిగటగా, ఇసక తగులుతూ ఉంటుంది. ఇంజనుది పల్చగా జారుతుంది. ఇక్కడ రెండూ ఉన్నాయి. మట్టి గీకి, కడిగి, చైను తప్పించి, స్టాండు మీద ఫస్టు గేరులో ఇంజను తిప్పాడు. "చేతులు దూరం పెట్టండి" అని రెండుసార్లు చెప్పాడు. గేరు లివరు ఇరుసు చుట్టూ పొడిగా ఉంది. పళ్ళచక్రం వెనక నుంచి సన్నగా ఒక మెరుపు, తర్వాత చుక్క.

పది నంబరు బోల్టులు రెండు విప్పితే చక్రం చేతికొచ్చింది. దాని వెనక ఇరుసుకు ఉంగరంలా ఏదో చుట్టుకుని ఉంది. కొక్కెంతో లాగితే వచ్చింది, దారం. సిమెంటు బస్తాల తెల్ల ప్లాస్టిక్ దారం, వేడికి గట్టిపడి తీగలా అయింది. మెట్రో పనుల పక్కన రోజూ తిరిగే బండి కదా, ఎక్కడో చక్రానికి చిక్కి లోపలికి పోయింది. తిరిగే కొద్దీ ఆయిల్ సీలు పెదవిని కోసింది. రోలరుకు నూలు చుట్టుకుంటే ఏమవుతుందో మిల్లు ఇళ్ళవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నాకు నవ్వాగలేదు. ముప్పై కిలోమీటర్లు వచ్చినా దారమే.

ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు. ఆట లేదు, అంటే బేరింగు బాగానే ఉంది. ఆట ఉండుంటే నిజంగానే ఇంజను విప్పాల్సి వచ్చేది, ఆ షాపువాళ్ళ మాట అక్కడికి నిజమే. చైను మరీ బిగిస్తే ఆ బేరింగే అరుగుతుందని, మధ్యలో అంగుళం వదులు ఉండాలని మేనల్లుడికి స్కేలు పెట్టి చూపించాడు. ఇంజను ఊపిరి పైపు మడతపడలేదు కదా అని కూడా ఊది చూశాడు. అది మూసుకుంటే లోపలి ఒత్తిడికి కొత్త సీలు నుంచి కూడా ఆయిలు తోసుకొస్తుంది.

బండిని కుడి పక్కకు వంచి పాత సీలు లాగాడు, గోడకు గీత పడకుండా. కొత్త సీలు పెదవికి కాస్త ఆయిలు రాసి, స్ప్రింగు ఉన్న వైపు లోపలికి పెట్టి, అంతే వెడల్పున్న సాకెట్టు ఆనించి మెల్లగా తట్టాడు. వంకరగా కూర్చుంటే వారంలో మళ్ళీ కారుతుంది. స్టిక్కు పై గీత దాటకుండా ఆయిలు కలిపాడు. మళ్ళీ కడిగి, మళ్ళీ పౌడరు, మళ్ళీ సెమ్మంచేరి. ఈసారి తెల్లగానే వచ్చింది.

సీలు, ఆయిలు, కూలీ కలిపి 620 రూపాయలు. మూడు గంటల పని. సాయంత్రం అక్కను ఎక్కించుకోవడానికి వాడు టైముకే పోయాడు. వెనక బ్రేకు డ్రమ్ము విప్పి తుడిచాకే పంపాడా మనిషి, దానికి విడిగా డబ్బు అడగలేదు.

షెడ్డు మూలన ఒక నీలం డ్రమ్ము ఉంది. కడిగిన కిరసనాయిలు, తీసేసిన ఆయిలు అందులోకే. ఎందుకని అడిగితే సందు చివరి మురుగు కాలువ చూపించాడు. వాన పడితే ఆ నీళ్ళు పోయేది ఒక వైపు బకింగ్‌హామ్ కాలువలోకి, ఇంకో వైపు పళ్ళికరణై చిత్తడిలోకి. ఆ చిత్తడిని 2022లో రాంసర్ జాబితాలో చేర్చారు, దేశాలు దాటి పక్షులు వచ్చే చోటు. ఆయనకు రాంసర్ సంగతి తెలియదు. "ఆ నీళ్ళల్లో చేపలు పట్టేవోళ్ళు మా గిరాకీలేనన్నా," అన్నాడు. డ్రమ్ము నిండితే పాత ఆయిలు కొనేవాడు ఆటో వేసుకుని వచ్చి తీసుకుపోతాడు. మేమున్నప్పుడే వచ్చాడు, ఇంకా నిండలేదని చూసి టీ తాగి వెళ్ళిపోయాడు.