ప్లగ్గు ముఖం చూసినవా అన్నా?

పొద్దుగాల ఫస్ట్ షిఫ్ట్ టైముకు మన సింగరేణి సెంటినరీ కాలనీల కిక్కుల చప్పుడు ఎప్పుడన్న విన్నవా అన్నా? ఒక బండి ఒక్క కిక్కుకే అందుకుంటది. పక్క బండి దగ్గుతది, ఆగుతది, మళ్ళ దగ్గుతది. దాని ఓనరు పెట్రోలు బంకును తిడుతడు, చలిని తిడుతడు, ఆఖరికి బండినే తిడుతడు. పాపం ప్లగ్గు సంగతి ఒక్కడు అడగడు! నా ఫిర్యాదంత గదే.

నువ్వే చెప్పు, దాని కష్టం తక్కువదా? ఇంజను 6,000 ఆర్‌పీఎం మీద ఉరుకుతుంటే, ఫోర్ స్ట్రోక్ బండిల నిమిషానికి 3,000 సార్లు పెట్రోలుకు నిప్పంటియ్యాలె. పల్సర్ డీటీఎస్-ఐల ఈ పనికి రెండు ప్లగ్గులు పెట్టిన్రు. 200 ఎన్ఎస్‌ల మూడు!

మన పెద్దోళ్ళు 'మైకో ప్లగ్గు' అనేటోళ్ళు, యాదికున్నదా? ఆ బెంగళూరు మైకోనే 2008ల బాష్ అని పేరు మార్చుకున్నది. జర్మనీల అదే బాష్ కంపెనీ ఇంజనీరు హోనోల్డ్, 1902ల హై వోల్టేజి మాగ్నెటోకు ప్లగ్గు జోడిచ్చి ఈ కథకు ఊపు తెచ్చిండు. ఇగ ఆర్ఎక్స్ 100 నడిపినోళ్ళను అడుగు. అది టూ స్ట్రోక్, పెట్రోలుతోపాటు ఆయిలు కూడ కాలుతది. అందుకే ప్లగ్గు ఊకె తడుస్తది.

సరే, ఎప్పుడు మార్చాలె? ప్లగ్గు పాతదైతే స్టార్టింగ్ సతాయిస్తది, గడ్డ ఎక్కుతుంటే మిస్సింగ్ వస్తది, మైలేజీ పడిపోతది. అందాక ఆగుడెందుకు? మామూలు ప్లగ్గును చాన బండ్లకు 8,000 నుంచి 12,000 కిలోమీటర్లకు మార్చాలె. నీ బండి లెక్క బుక్కుల ఉంటది, గదే ఖాయం. ఇరిడియందైతే ఇంకెక్కువ వస్తది.

ఇప్పుడు అసలు మజా. ప్లగ్గు విప్పి కొన చూడు. లేత గోధుమ రంగుంటే ఇంజను మంచిగున్నట్టు. మసి పట్టి పొడిపొడిగ నల్లగుంటే పెట్రోలు ఎక్కువైంది, గాలి తక్కువైంది. మన దిక్కు లారీల వెనుక ఎంత దుమ్ము లేస్తదో నీకు తెలువదా? ముందుగాల ఎయిర్ ఫిల్టర్ చూడు. ఫోర్ స్ట్రోక్ బండిల ఆయిలు తడి ఉంటే రింగుల మీద అనుమానం. మరీ తెల్లగుంటే ఇంజను వేడెక్కుతున్నది. అంచులు గుండ్రంగ అరిగినయా? గీకి లాభం లేదు, కొత్తది వెయ్యి. మామూలు ప్లగ్గుకు రెండు లీటర్ల పెట్రోలు పైసలు కూడ కావు!

విప్పేటప్పుడు మాత్రం తొందరపడకు. ఇంజను చల్లారాలె. క్యాపు పీకి, ప్లగ్గు చుట్టు దుమ్మును గాలి కొట్టి ఊదాలె. లేకుంటే ఆ దుమ్మంత సిలిండర్ల పడుతది. బుక్కుల రాసిన నంబరు ప్లగ్గే తే. గ్యాపు చూస్కో, చాన బండ్లకు 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటది. ముందు చేతితోనే తిప్పు, పానా వెయ్యకు. హెడ్డు అల్యూమినియంది, మర వంకరపోతే ప్లగ్గు పైసలతోని పోదు. చేతికి బిగిసినంక కొత్త వాషరుంటే పానాతోని సగం చుట్టు తిప్పు. గంతే, బలం చూపియ్యకు!

అక్కా, నీ స్కూటీకి కూడ ఇదే లెక్క. ఈ ఆదివారం ఒక్కసారి విప్పి చూడుండ్రి. టూల్ బాక్సుల ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు పానా పెట్టుకోండ్రి. నైట్ షిఫ్టుకు పోయేటోళ్ళైతే మరువనే మరువద్దు.