ఉత్తరకుమారుడికి ఒకటో ర్యాంకు

రండి, ఇలా కూర్చోండి. ఆ పీట మీద మాత్రం వద్దు, దానికి ఒక కాలు పొట్టి. తూలి పడితే నన్నంటారు. ధనుర్మాసమైతే మాత్రం పెదపాడులో చలేముంటుందిలే అని హైదరాబాదు వాళ్లు తీసిపారేస్తారు గానీ, కొల్లేటి వైపు నుంచి మంచు దిగిందంటే ఎదురింటి గేటు కూడా కనపడదు. అందుకే రెండు తాటిమట్టలు, నాలుగు కొబ్బరి డొక్కలు వేసి ఈ మంట.

ఈ అరుగు మీద సుద్దగీతలు చూశారా? పండక్కొచ్చిన మా మనవరాలి పని. నిన్న సాయంత్రం ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసి, "తాతయ్యా, లోపాలున్న సూపర్‌హీరోలు. నీ ఐదుగురి పేర్లూ చెప్పు" అంది. వాళ్ల నాన్న దగ్గర ‘వాచ్‌మెన్’ అని ఒక లావుపాటి బొమ్మల పుస్తకం ఉంది. అలన్ మూర్ రాస్తే డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేశాడు, 1986, 87ల్లో 12 సంచికలుగా వచ్చింది. అందులో వీరులంతా ఏదో ఒక అవకరం ఉన్నవాళ్లే. ఒకడికి పిచ్చి కోపం, ఒకడికి మనుషులంటేనే పట్టదు, ఇంకొకడు లోకాన్ని కాపాడతానని లక్షలమందిని చంపుతాడు. మా అల్లుడు ఆ పుస్తకాన్ని పారాయణం చేసినట్టు చదువుతాడు. పిల్లదాన్ని మాత్రం ముట్టుకోనివ్వడు, అది పెద్దవాళ్లదట.

సరే, మన బొమ్మల పుస్తకం మనకుంది కదా అని ట్రంకు పెట్టె తీశాను. ఆ 12 సంచికలూ వస్తున్న రోజుల్లోనే ఇక్కడ అనంత్ పాయ్ గారి అమర చిత్ర కథ వాళ్లు భారతాన్ని 42 భాగాలుగా బొమ్మల్లో వేశారు. నా దగ్గర ఉన్నవి పదకొండు. పిన్నులు తుప్పు పట్టాయి, రెండింటికి అట్టల్లేవు. వీరుల అవకరాలకు మాత్రం వీటిలోనూ కొదవ లేదు.

నిజానికి ఈ జాబితా పని మనకంటే ముందే ధర్మరాజు చేసి పెట్టాడు. మహాప్రస్థానంలో ఒక్కొక్కరూ కూలిపోతుంటే భీముడు ఎందుకని అడుగుతాడు, ఈయన వెనక్కి తిరక్కుండానే లెక్క చెబుతాడు. ద్రౌపదికి అర్జునుడంటే పక్షపాతం. సహదేవుడికి తెలివుందని గర్వం. నకులుడికి అందం ఉందని. అర్జునుడు శత్రువులందర్నీ ఒక్క రోజులో చంపుతానన్నాడు, చంపలేదు. చివరికి భీముడే పడిపోయి నేనేం చేశానయ్యా అంటే, నువ్వు తిండిపోతువి, బలం ఉందని డప్పు కొట్టుకునేవాడివి అన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ జాబితాలో జూదం మాట ఉందా? ఒకసారి ఆలినీ తమ్ముళ్లనూ ఒడ్డి ఓడిపోయి, రెండోసారి పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్న మనిషి! అజ్ఞాతవాసంలో ఏ వేషమైనా వేసుకోవచ్చు కదా. ఈయన ఏరుకున్నది ఏంటంటే, కంకుభట్టు పేరుతో విరాటుడితో పాచికలాడే ఉద్యోగం. ఐదో నెంబరు ఇచ్చాను. అదీ పెద్దరికం చూసి.

నాలుగు అర్జునుడికి. ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొచ్చి మూడు ఇవ్వబుద్ధి కాలేదు.

మూడు కర్ణుడికి అనగానే మా ఆవిడ వంటింట్లోంచి అట్లకాడతో సహా వచ్చేసింది. "ఏవండీ, మతి ఉండే మాట్లాడుతున్నారా?" 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణ వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ కర్ణుడి పార్టీ. రామారావు గారే కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ అయ్యాక ఎవరికైనా అంతే అనుకోండి. నేనూ ఒప్పుకుంటాను, కవచకుండలాలు కోసి ఇచ్చినవాడికి మూడో నెంబరు తక్కువే. అయితే ఘోషయాత్రలో గంధర్వులు తగులుకుంటే దుర్యోధనుణ్ణి వాళ్ల చేతిలో వదిలేసి వికర్ణుడి రథమెక్కి పోయింది ఎవరు? విరాటుడి ఆవుల దగ్గర అర్జునుణ్ణి నేనొక్కణ్ణే చూసుకుంటానని బీరాలు పలికి, కృపాచార్యుడి చేత చీవాట్లు తిని, తీరా యుద్ధంలో వెనుదిరిగింది ఎవరు? కర్ణ ప్రగల్భాలు అని ఎవరూ అనరు. ఆ మాట ఒక పిల్లాడి నెత్తిన రుద్దారు. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం మంచి గుర్తు కాదు.

రెండు భీముడికి. తిండి నేరమంటే గోదావరి జిల్లాలో ఒక్కరం మిగలం.

ఇక ఆ పిల్లాడి సంగతి. మా చిన్నప్పుడు వానలు ఎగ్గొట్టి, కాలువ నీళ్లు శివారుకు అందక నారుమళ్లు బీటలిస్తే, గుళ్లో విరాటపర్వం చదివించేవారు. తిక్కనగారు తన పదిహేను పర్వాలూ మొదలుపెట్టింది ఆ పర్వంతోనే, అది చదివితే వాన పడుతుందని తెలుగునాట నమ్మకం. విరాటుడి కొడుకు ఉత్తరకుమారుడి ఘట్టం వచ్చేసరికి పెద్దవాళ్లు కూడా వాన సంగతి మర్చిపోయి నవ్వేవారు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు భీష్మద్రోణుల్ని తరిమేస్తానంటాడు, సారథి లేడు గానీ అంటాడు, తీరా కౌరవసేన కనపడగానే రథం దూకి పరుగో పరుగు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి జుట్టు పట్టుకుని లాక్కొస్తాడు. నర్తనశాలలో ఆ వేషం రేలంగి గారిది, 1963. మన తాడేపల్లిగూడెంలో సినిమాహాలు కట్టించిన రేలంగి గారే. అంతకు ఆరేళ్ల ముందు మాయాబజార్‌లో దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడూ ఆయనే. ఆ రెండు వేషాలతో ఆ ఇద్దరు కుర్రాళ్లకీ ఇక మనం నవ్వకుండా ఉండే యోగం లేకుండా పోయింది.

కానీ తరవాతి కథ చూడండి. జమ్మిచెట్టెక్కి ఆయుధాలు దింపింది వాడే. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు అందరూ బాణాలు వేస్తుంటే మధ్యలోంచి రథం తోలిందీ వాడే. ఒక జాము కింద పారిపోయిన కుర్రాడు! అర్జునుడి అస్త్రానికి అందరూ మూర్ఛపోయాక, చెల్లెలి బొమ్మలకని వాళ్ల పైబట్టలు తెచ్చాడు. ద్రోణుడివీ కృపుడివీ తెల్లవి, కర్ణుడిది పసుపు, దుర్యోధనుడివీ అశ్వత్థామవీ నీలం. భీష్ముడి దగ్గరికి వెళ్లొద్దు, ఆయన మెలకువగానే ఉంటాడు అని అర్జునుడు ముందే చెప్పాడు.

ఇంటికొస్తే తండ్రి ఊరంతా తోరణాలు కట్టించాడు. బృహన్నల సారథి అయితే గెలవక ఏం చేస్తాడు అన్న పాపానికి కంకుభట్టు మొహాన పాచిక విసిరాడు, ముక్కులోంచి నెత్తురు. ద్రౌపది బంగారు గిన్నె పట్టింది. అంత సంబరంలో, సభ నిండా జనం ముందు, ఆ కుర్రాడు ఏం చెప్పాడు? గెలిచింది నేను కాదు నాన్నా, నేను భయపడి పారిపోతుంటే ఎవరో దేవకుమారుడు ఆపి గెలిపించాడు అన్నాడు. నోరు మూసుకుంటే సరిపోయేది. అర్జునుడు కూడా ఇప్పుడే నా పేరు చెప్పొద్దన్నాడు, గెలుపు నీదేనని చెప్పుకోమన్నాడు కూడా.

కురుక్షేత్రంలో మొదటి రోజే వాడు ఏనుగెక్కి శల్యుడి మీదికి పోయాడు. ఆ ఏనుగు శల్యుడి గుర్రాలు నాలుగింటినీ తొక్కేసింది. గుర్రాలు చచ్చిన రథంలోంచే శల్యుడు శక్తి విసిరితే, పిల్లవాడు ఏనుగు మీంచి కిందికి ఒరిగిపోయాడు. ఆ భీష్మపర్వం వానకి ఎవరూ చదవరు, అందుకని మనకి గుర్తుండదు. లక్ష్మణకుమారుడూ పదమూడో రోజు అభిమన్యుడి చేతిలో పోయాడు.

"అయితే వాడు భయస్తుడా, కాదా?" అంది మనవరాలు.

"భయస్తుడేనే అమ్మా. అందుకే ఒకటి."

ఒకటో అంకె పక్కన, కిరీటం ఊడిపోయి పరిగెత్తుతున్న కుర్రాణ్ణి గీసింది. కాళ్లు మూడు వచ్చాయి, పరుగు కదా అలాగే కనపడతాయంది. ఏనుగుని కూడా గీయబోతే సుద్ద అయిపోయింది.

పొద్దున లేచేసరికి మా ఆవిడ ముగ్గుకని అరుగు కడుగుతోంది. ఐదూ, నాలుగూ, రెండూ పోయాయి. కర్ణుణ్ణి మాత్రం తుడిచి ఒకటి దగ్గర రాయబోయిందిట. ఆలోగా పిల్లది ఈ పొట్టికాలి పీట తెచ్చి ఆ బొమ్మ మీద పెట్టేసింది. ఆయ్, అందుకేనండీ మిమ్మల్ని దాని మీద కూర్చోవద్దన్నది.