గజపతినగరం దారిలో హెరాల్డు

విజయనగరం నుంచి సాలూరు పోయే రోడ్డు మీద వుంది గజపతినగరం. పక్కనే చంపావతి. వానలరోజుల్లో తప్ప ఆ నదిలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. ఇప్పుడీ రోడ్డు 26వ నెంబరు జాతీయ రహదారి. సాలూరు దాటి, కనుమలెక్కి, కొరాపుట్టు మీదుగా ఒడిశాలోకి పోతుంది. ఎడ్లబళ్ళు తగ్గి లారీలు పెరిగాయి గాని, పంటల రోజుల్లో ఉలవకట్టె రోడ్డుమీద పరవడం మాత్రం జనం మానలేదు. లారీకి నూర్పిడి కూలి ఇవ్వనక్కరలేదు కదా!

ఆ దారిన మా మావయ్య నన్ను తన పాత స్టాండర్డ్ హెరాల్డులో తీసుకుపోయాడు. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ వారు తెచ్చిన బండి అది. రూపం దిద్దినవాడు ఇటలీవాడైన మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులోనూ తయారయింది. దాని చట్రాన్నే కురచచేసి 1962లో స్పిట్‌ఫైరనే స్పోర్ట్సు కారు కట్టారు. అంచేత మావయ్య తన బండిని "స్పిట్‌ఫైరుకి పెద్దన్న" అంటాడు. ఇంజను 948 సీసీయే అయినా ఆయన గర్వానికి లోటులేదు.

ఈ అన్నదమ్ములిద్దరికీ వెనకచక్రాల దగ్గరే వుంది గుణం. ఇరుసు రెండు ముక్కలు. మధ్యలో మాత్రమే కీలు. వంపులో బెదిరి యాక్సిలరేటరు మీంచి చటుక్కున కాలు తీశారో, బరువు ముందుకు పోతుంది, వెనకభాగం పైకి లేస్తుంది, బయటివైపు చక్రం లోపలికి మడుచుకుని టైరు అంచుమీద నిలబడుతుంది. ఇక తోక రోడ్డు మాట వినదు. 1970 నాటి నాలుగో తరహా స్పిట్‌ఫైరులో వెనక కమానుకట్ట బిగింపు మార్చాక గాని ఈ బెడద తగ్గలేదు.

1950లలో ఫాంజియో, స్టెర్లింగ్ మాస్ వంటి పందెగాళ్ళు కారును కావాలనే జార్చేవారు. వంపుకి ముందే బ్రేకు, తిప్పాక యాక్సిలరేటరు, నాలుగు చక్రాలూ ఒక్కసారే కాస్త పక్కకి జారుతూంటే, దారి దిద్దేది చేతికన్నా ఎక్కువగా కాలే. ఆనాటి సన్నని టైర్లు కొంచెం కొంచెంగా పట్టు విడిచేవి గనుక సాగింది. మూసిన పందెపుబాటలో అది విద్య. ఊరి రోడ్డుమీద పిచ్చి.

గజపతినగరం దాటాక ఎడమ వంపులో ఉలవకట్టె పరిచివుంది. మావయ్య తిన్నని రోడ్డుమీదే వేగం తగ్గించి, రెండో గేరులో వంపులోకి దిగాడు. గింజలు టైర్లకింద గోళీల్లా దొర్లాయి. తోక కుడికి జారింది. ఆ పక్కనే చేటతో ఒక ముసలమ్మ!

"కంగారుపడకురా," అన్నాడాయన. బ్రేకు తొక్కలేదు. కాలు వేసినచోటే వుంచి, తోక పోతున్న వైపుకే స్టీరింగు కాస్త తిప్పాడు. తోక వెనక్కి రాగానే, ఆలస్యం చేయకుండా స్టీరింగు తిన్నగా చేశాడు. ఆలస్యం చేస్తే రెండో వైపుకి విసిరేస్తుందిట. ముసలమ్మకీ మాకూ మధ్య రెండు బారలు మిగిలింది.

బండి ఆగాక నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. ముసలమ్మ మాత్రం చేట నడుముకి ఆనించి కట్టెకేసి చూసింది.

"ఇంకోపాలి ఎల్లి రండి బాబూ, ఈ ఏపు నలగనేదు!"

హెరాల్డు మళ్ళడానికి 25 అడుగుల చోటు చాలు. మావయ్య అక్కడే బండి తిప్పాడు. ఈసారి మనిషి నడిచే వేగంతో.