విమానపు తోకకు తగిలిన దెబ్బ



ఆదిలాబాదు జిల్లాలోని మా ఇచ్చోడ, నిర్మలకును ఆదిలాబాదునకును నడుమ 44వ నంబరు జాతీయ రహదారిపై నున్నది. చుట్టును ప్రత్తిచేలు, టేకు అడవులు, గోండుల గూడెములు. దక్షిణముగా బోవువారు నిర్మల ఘట్టములు దిగి హైదరాబాదు చేరుదురు. ఉత్తరముగా బోవువారు పెనుగంగ దాటి నాగపూరు చేరుదురు. విమాన మెక్కదలచిన మా వారిని ఈ రెండు నగరములలో నొకదానికే సాగనంపుచుందుము.

కావున 2023 ఏప్రిల్ 14వ తేదీన ముంబయి నుండి వచ్చిన ఇండిగో విమాన మొకటి నాగపూరున దిగుచు తోకను నేలకు రాచుకొన్నదన్న వార్త మాకు పొరుగూరి వార్తయే. ఎవరికిని గాయము కాలేదు. విమానమును మాత్రము పరీక్షకై నిలిపివేసిరి. ఆ యేట ఆరు మాసములలో ఆ సంస్థవారి ఏ 321 రకపు విమానములకు నాలుగు మారులు ఇట్లు జరుగుటచే, ప్రభుత్వ విమానయానాధికారులు 30 లక్షల రూపాయల జుర్మానా విధించిరి.

తోక యేల తగులును? కొంగ చెరువుగట్టున వాలునపుడు తల యెత్తి కాళ్లు ముందుకు చాచును గదా! విమానమును అట్లే ముక్కెత్తి, రెక్కల క్రింది చక్రములను ముందుగా నేల మోపును. వేగము తగ్గినపుడో, చక్రములు నేలను తాకి మరల ఎగిరినపుడో చోదకుడు ముక్కును మితిమీరి యెత్తినచో తోక నేలను తాకును. దేహము పొడవైన కొలది ఈ భయము హెచ్చు. ఏ 321 పొడవు 44 మీటర్లకు పైబడియే యున్నది.

లోపలివారికి ఒక కుదుపు మాత్రమే తెలియవచ్చును. అసలు కీడు తరువాతి మరమ్మతులో నున్నది. 1978 జూన్ 2న జపాను దేశపు ఒసాకాలో నొక పెద్ద విమానము దిగుచు తోకను రాచుకొన్నది. వెనుక భాగమున గాలి నాపు గోడను బాగుచేయునపుడు, అతుకునకు ఒకే రేకు వాడవలసియుండగా దానిని రెండు ముక్కలు చేసిరి. అందుచే రెండు వరుసల మేకులు మోయవలసిన బరువు ఒక్క వరుసపై బడెను. చినిగిన చీరకు మాసిక వేసి, అంచున కుట్టు సరిగా పడనిచో ఎన్నాళ్లు నిలుచును? పండ్రెండువేలకు మించి ప్రయాణములు చేసిన పిదప, 1985 ఆగస్టు 12న ఆ గోడ ఆకాశమున పగిలెను. 524 మందిలో 520 మంది మరణించిరి. బ్రతికిన నలుగురును ఆడువారే.

1980లో హాంకాంగున తోక రాచుకొన్న మరియొక విమానమునకు, గీతలు పడిన రేకును పూర్తిగా తొలగింపక పైన వేరొక రేకు కప్పిరి. ఆ మరుగున పగుళ్లు పెరిగి, 22 ఏండ్లకు, 2002 మే 25న, అది గాలిలోనే ముక్కలై 225 మందిని పొట్టనబెట్టుకొన్నది.

తగిలిన దెబ్బ కనబడినచో వైద్యము గలదు. కప్పివేసిన దెబ్బకు లేదు. నాగపూరున విమానమును వెంటనే నిలిపివేయుట ఇందువలననే మేలైన పని. కావున బిడ్డలు ప్రయాణమై పోయి, విమానమును పరీక్షించుచున్నారు, ఆలస్యమగునని కబురు చేసిన నాడు విసుగుకొనకుడు. వండిన అన్నము చల్లారిన చల్లారనిండు. ఎవరో యొకరు దీపము పట్టుకొని మేకు మేకునకు అతుకును చూచుచున్నారని తలంచి, నిశ్చింతగా నుండుడు.