ఎండలో నిలబడ్డ బేరం

"నిదానమే ప్రధానం" అన్నారు పెద్దలు. "ఆలస్యం అమృతం విషం" అన్నదీ వాళ్లే. ఈ రెండింటిలో ఏది ఎక్కడ వర్తిస్తుందో మాకు పాఠ్యపుస్తకాలు నేర్పలేదు, ఒక చెప్పుల కొట్టు నేర్పింది. ఆ అనుభవాన్ని తోటి మిత్రులతో, ముఖ్యంగా చిన్న తరగతుల తమ్ముళ్లతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము నలుగురం ఒకే గదిలో ఉంటూ డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాం. మాలో ఒకడి నాన్నగారు ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో తోలు చెప్పులు కుడతారు. ఆయన కుట్టిన కిర్రు చెప్పులు వేసుకుని నడిస్తే వీధి చివరి దాకా వినబడుతుంది. అయితే ఊళ్లో అందరి కాళ్లకూ ప్లాస్టిక్ చెప్పులు వచ్చేశాయి. ఆరె పట్టిన చేతికి పని తగ్గింది. మా మిత్రుడి అమ్మగారు డ్వాక్రా సంఘంలో 30,000 రూపాయలు అప్పు తీసి తోలు కొనిపెట్టారు. "మీరు కంప్యూటర్లు చదువుతున్నారు గదా, మా చెప్పులు పట్నం వాళ్లకు అమ్మే దారి చూడండి నాయనా" అని ఆమె అడిగితే మాకు గర్వమనిపించింది. మన చదువు ఒక ఇంటికి పనికొచ్చే రోజు వచ్చిందనుకున్నాం.

సెలవుల్లో ఆ ఊరు వెళ్లి పన్నెండు రకాల చెప్పులకు ఫొటోలు తీశాం. వారం రోజులు కూర్చుని వెబ్‌సైట్ తయారు చేశాం. తెరవగానే కదిలే బొమ్మలు, వెనుక సంగీతం, రంగురంగుల అక్షరాలు! కాలేజీ ల్యాబ్‌లో తెరిస్తే చక్కగా వచ్చింది. మా ఫోన్లలోనూ వచ్చింది. తెలిసిన వాళ్లందరికీ వాట్సాప్‌లో పంపి ఆర్డర్ల కోసం ఎదురు చూశాం.

నెల గడిచింది. ఒక్క ఆర్డరూ రాలేదు.

అప్పుడు మన హాస్టల్‌లో చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అన్నయ్య ఫోన్ చేశారు. ఆఫీసు స్నేహితులకు పండగ కానుకగా 15 జతలు కొందామని బస్సులో వెళ్తూ మా సైటు తెరిచారట. "తెల్ల కాగితం తప్ప ఏమీ కనబడలేదు తమ్ముళ్లూ. రెండుసార్లు చూశాను. దిగాల్సిన స్టాపు వచ్చింది. తర్వాత వేరే చోట కొనేశాను" అన్నారు. జత 650 రూపాయల లెక్కన 9,750 రూపాయల బేరం. మన మీద అభిమానం ఉన్న మనిషే ఆగలేకపోతే, మనమెవరో తెలియని వాళ్లు ఆగుతారా?

ఆ రాత్రి భోజనాలయ్యాక లెక్క వేశాం. ఒక్కో ఫొటో 4 మెగాబైట్లు. పన్నెండు ఫొటోలు 48 మెగాబైట్లు. సెకనుకు 8 మెగాబిట్ల వేగం అందితే, అంటే సెకనుకు ఒక మెగాబైట్ వస్తే, ఫొటోలన్నీ రావడానికి 48 సెకన్లు కావాలి. బస్సులో సిగ్నల్ అందులో సగమే ఉంటే నిమిషంన్నర దాటుతుంది. మొబైల్‌లో పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే 53 శాతం మంది వదిలేసి వెళ్తున్నారని 2016లో గూగుల్ లెక్క చెప్పింది. మరి మా ఫోన్లలో ఎందుకు బాగా వచ్చింది? ఒకసారి చూసిన బొమ్మలను ఫోన్ తనలో దాచుకుంటుంది. రెండోసారి అక్కడి నుంచే చూపిస్తుంది. మేము మా సరుకును మా ఇంట్లోనే చూసుకుని మురిసిపోయాం.

పొద్దున మన కుళాయిల దగ్గర వరస ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. చెంబుతో సరిపోయే పనికి ఒకడు డ్రమ్ము తెచ్చి పెడితే వెనుక వాళ్లందరికీ కాలేజీ ఆలస్యమే. మా ఫొటోలు ఆ డ్రమ్ములే. ఒక్కో ఫొటో వెడల్పు 4,000 పిక్సెళ్లు. చూసేవాళ్ల ఫోన్ తెర వెడల్పు చాలావరకు 1,080 పిక్సెళ్లే. మిగతాదంతా మోయడానికే గాని చూడడానికి కాదు.

ఫొటోలను 1,000 పిక్సెళ్లకు తగ్గించి 'వెబ్‌పి' పద్ధతిలోకి మార్చాం. ఒక్కోటి 100 కిలోబైట్లకు దిగింది. అన్నీ కలిపి 1.2 మెగాబైట్లే. కింద ఉన్న బొమ్మలు వేలితో జరిపినప్పుడే వచ్చేలా పెట్టాం. దీన్ని 'లేజీ లోడింగ్' అంటారు. పేరు సోమరిదైనా పని మంచిది. సంగీతం, కదిలే బొమ్మలు తీసేశాం. వాటిని చేసినవాడికి కొంచెం బాధ కలిగింది గాని ఒప్పుకున్నాడు. చవకని అమెరికాలోని సర్వర్‌లో పెట్టిన సైటును ముంబైకి మార్చాం. ప్రతి మాటా సముద్రాలు దాటి వెళ్లి రావాల్సిన పని తప్పింది. ముఖ్యమైన బొమ్మగాని, రాతగాని 2.5 సెకన్లలోపు కనబడితే మంచి వేగమని గూగుల్ కొలత. 'పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్'లో ఎవరైనా ఉచితంగా పరీక్షించుకోవచ్చు. పైగా 2018 జులై నుంచి మొబైల్ వెతుకులాటలో పేజీ వేగాన్ని కూడా గూగుల్ లెక్కలోకి తీసుకుంటోంది.

మిత్రుడి నాన్నగారికి ఇదంతా భయపడుతూనే చెప్పాం. పోయిన బేరం మా వల్లనే గదా! ఆయన కోప్పడలేదు. తోలు కోస్తూనే, "కొట్టు ముందుకొచ్చినోణ్ణి ఎండలో నిలబెడితే నిలబడతాడంట్రా? ముందు నీడకు పిలవాల, ఆనక చెప్పు చూపించాల" అన్నారు. మేము మూడేళ్లుగా చదువుతున్న పాఠాన్ని ఆయన అరుగు మీద కూర్చుని రెండు ముక్కల్లో చెప్పారు.

పెద్ద కంపెనీ సైటు ఆలస్యమైనా దాని పేరు అందరికీ తెలుసు. జనం మళ్లీ వస్తారు. పల్లెటూరి చెప్పుల కొట్టుకు అవకాశం ఒక్కసారే వస్తుంది. అందుకే వేగం పెద్దవాళ్ల కన్నా చిన్నవాళ్లకే ఎక్కువ అవసరమని మా అభిప్రాయం.

ఆ తర్వాత మూడు నెలల్లో 22 జతలు అమ్ముడయ్యాయి. ఇదేమీ అద్భుతం కాదు. అప్పు వాయిదాలు ఇంకా ఉన్నాయి. ఆ చెప్పులను అమ్మింది ఆయన కుట్టు పనితనమే. మేము తలుపుకు అడ్డంగా పెట్టిన బండను మేమే తీశాం, అంతే.

తమ్ముళ్లూ! రేపు మీరూ ఇలాంటి పనులు చేస్తారు. చేసినదాన్ని ల్యాబ్‌లో చూసి సంతోషించకండి. ఊళ్లో, పాత ఫోన్‌లో, సిగ్నల్ సరిగా లేని చోట ఒకసారి తెరిచి చూడండి. మీ అమ్మ ఫోన్‌లో తెరుచుకుంటే అందరి ఫోన్లలోనూ తెరుచుకుంటుంది. చెప్పు కుట్టేటప్పుడు నిదానమే ప్రధానం. కొనడానికి వచ్చినవాడికి తలుపు తీసేటప్పుడు మాత్రం ఆలస్యం విషమే.

— 7వ నంబరు గది మిత్రులు