మాట మారినా కామా మిగలాలి

సీసపు అక్షరాలతో అచ్చు సాగిన కాలంలో, ప్రూఫులో ఒక మాట మార్చవలసి వస్తే కంపోజిటరు ఆ పంక్తిని విప్పి, పాత అక్షరాలను పట్టకారుతో తీసివేసి, కొత్తవి పేర్చి మళ్లీ బిగించేవాడు. పక్కనున్న కామా అతని కళ్లెదుటే ఉండేది గనుక దానికి అపాయం కలిగేది కాదు. ఇప్పుడు ఆ పని కంప్యూటరుది. వెయ్యి పుటల గ్రంథంలో ఫలానా మాట ఉన్న ప్రతిచోటా మరొక మాట పెట్టమంటే రెప్పపాటులో పెడుతుంది. చిక్కల్లా, మాట అంటే ఏమిటో దానికి తెలియదు. అక్షరమూ, కామా, మాటకూ మాటకూ నడుమనున్న ఖాళీ, అన్నీ దాని దృష్టిలో ఒకే వరుసలో నిలబడిన సంకేతాలు.

ఈ తెలియనితనం ఒక్కొక్కప్పుడు మనిషి పేరుకే ఎసరు పెడుతుంది. 2008లో అమెరికా పరుగు వీరుడు టైసన్ గే ఒలింపిక్ ఎంపిక పోటీలలో పాల్గొన్నప్పుడు, అక్కడి ఒక వార్తా వెబ్‌సైటులో అతని పేరు 'టైసన్ హోమోసెక్సువల్' అని వెలువడింది. 'గే' అన్న మాట ఆ సైటు నిర్వాహకులకు రుచించదు. అది కనిపించిన చోటల్లా రెండవ మాట పెట్టమని కంప్యూటరును ముందే నియమించి ఉంచారు. ఇంటిపేరుకూ విశేషణానికీ తేడా ఎరుగని కంప్యూటరు చెప్పినట్టే చేసింది. చదివినవారు నవ్వుకున్నారు. పేరు పోగొట్టుకున్నవాడి సంగతి వేరు.

మరొక ఉదంతం 2002లో బయటపడింది. మధ్యయుగాలకు సంబంధించినదని చెప్పే 'మెడీవల్' అన్న ఆంగ్లపదంలోని చివరి నాలుగు అక్షరాలూ విడిగా కంప్యూటరుకు ఒక ఆజ్ఞ. హాని చేయగల ఆజ్ఞలను ఏరివేయదలచిన యాహూ ఈ-మెయిలు వ్యవస్థ ఆ నాలుగక్షరాల స్థానంలో 'రివ్యూ' అని పెట్టింది. చరిత్రకారుల ఉత్తరాలలో మధ్యయుగం కాస్తా 'మెడిరివ్యూ' అయి కూర్చున్నది.

ఈ రెండు తప్పులూ ఒక జాతివి కావు. రెండవదానికి మందు ఉన్నది: మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి, నిండుమాటనే మార్చమనడం. ఆ హద్దును గుర్తించడంలోనే విరామ చిహ్నాల పేచీ వస్తుంది.

1996లో మద్రాసు చెన్నై అయింది. ఒక పాత గ్రంథంలో ఆ పేరు మార్చాలనుకుందాం. ఖాళీ ఉన్నచోట తెగగొట్టి ముక్కముక్కనూ పోల్చి చూస్తే చాలునని కొత్తగా ప్రోగ్రాము రాసేవారికి తోస్తుంది. వాక్యం నడుమనున్న 'మద్రాసు' దొరుకుతుంది. కామా అంటుకొని ఉన్న 'మద్రాసు,' దొరకదు. ఏడు సంకేతాల ముక్కా ఎనిమిది సంకేతాల ముక్కా కంప్యూటరుకు ఒకటి కావు. సరే, చిహ్నాలన్నీ ముందే తుడిచివేద్దామంటే పేరు మారుతుంది గాని గ్రంథం పాడవుతుంది. 'బాకీ తీరింది.' అన్నదానికీ, 'బాకీ తీరింది?' అన్నదానికీ గల దూరం అప్పిచ్చినవాడిని అడగాలి.

సరైన పద్ధతి కొంత ఓపికతో కూడినది. మాటలనూ, మాటలు కానివాటినీ విడదీసి, దేనినీ పారవేయకుండా వచ్చిన వరుసలోనే దాచిపెట్టాలి. మాటల పెట్టెలోనే చేయి పెట్టాలి. ఆపైన అన్నిటినీ తిరిగి అతకాలి. దీనికొక పరీక్ష ఉన్నది. ఏ మాటా మార్చకుండా విడదీసి అతికినప్పుడు, వచ్చిన ప్రతి మూలప్రతితో చుక్కకు చుక్క సరిపోవాలి.

ఇలా వెతకడానికి వాడే సూత్రభాషకు మూలం 1950లలో స్టీఫెన్ క్లీనీ అనే గణితవేత్త చేసిన పని; 1968లో కెన్ థాంప్సన్ దానిని రాతలో వెతుకులాటకు మలిచాడు. విచిత్రమేమంటే వాక్యాన్ని ముగించే చుక్కకు ఆ భాషలో 'ఏదైనా ఒక సంకేతం' అని అర్థం. జాగ్రత్తపడకుండా 'రూ.' అని వెతికితే రూపాయలతోపాటు 'రూపం' కూడా చిక్కుతుంది.

తెలుగుకు వచ్చేసరికి చిక్కు ముదురుతుంది. తాటాకుల మీద మన పూర్వులు మాటల మధ్య ఎడమే ఉంచలేదు. ఇప్పటికీ మన మాటలు ఒకదానిలోకి ఒకటి ఒరుగుతూనే ఉంటాయి. బహుళ ప్రచారంలో ఉన్న పైథాన్ భాషలోని వెతుకులాట సాధనం గుణింతపు గుర్తులనూ పొల్లునూ మాటలో భాగంగా ఎంచదు. దాని చేతికి 'మద్రాసు' ఇస్తే 'మద', 'ర', 'స' అని మూడు ముక్కలు చేస్తుంది. ఆ గుర్తులు కూడా మాటలోవేనని విడిగా చెప్పవలసిందే. చెప్పినా, నిండుమాట నియమం ఇక్కడ నిలవదు. విభక్తి వచ్చి మాటకే అంటుకుంటుంది. నియమం సడలిస్తే 'మద్రాసులో' చక్కగా 'చెన్నైలో' అవుతుంది గాని, 'మద్రాసుకు' మాత్రం 'చెన్నైకు' అవుతుంది. తెలుగువాడు 'చెన్నైకి' అంటాడు. 'మద్రాసంటే' అన్నచోట సంధిలో ఉకారం లోపించింది గనుక అది వలలో పడనే పడదు. ఇవన్నీ దిద్దినా, మద్రాసు హైకోర్టు ఉన్నది. ఊరి పేరు మారినా ఆ న్యాయస్థానం పేరు మారలేదు.

టైసన్ గేకు జరిగిన జాతి తప్పుకు ఏ హద్దులూ అడ్డుపడవు. ఒక చరిత్ర గ్రంథంలో 'బెజవాడ' ఉన్నచోటల్లా 'విజయవాడ' అని మార్చమంటే, కంప్యూటరు కామా చెదరకుండా, చుక్క జారకుండా మార్చిపెడుతుంది. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి అందులో విజయవాడ గోపాలరెడ్డి అయి ఉంటాడు. అందుకని అనుభవమున్న సంపాదకులు అన్నీ ఒక్కసారిగా మార్చమని ఆజ్ఞ ఇవ్వరు. దొరికిన ప్రతిచోటా ఆగి అడగమంటారు. అడిగినప్పుడల్లా ఆ వాక్యం చదివి, అవునో కాదో చెబుతారు.